కిష్టమ్మ వేళ్ళకు తెలిసింది

నిజాంపేట పాత ఊరి సందులో కిష్టమ్మ ఇల్లు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచి, పది దాటితే గానీ ఎండ దిగని వాకిలి. ఆ వాకిట్లో ఒక నల్లబండ, బండ పక్కన కట్టెల పొయ్యి, పొయ్యి మీద మసిబారిన రాగి కాగు. పాత ఊళ్ళో ఆ బండ మీద తడవని ఆడపిల్ల తల లేదని కిష్టమ్మ అంటుంది. గొప్పకు అన్నమాటే గాని అబద్ధం కాదు. పెళ్ళికూతుళ్ళు, బాలింతలు, పుట్టిన ఇరవై ఒక్క రోజుల పసికందులు, అందరికీ ఆమే తలంటు పోసింది. ఇప్పుడు ఆ పెళ్ళికూతుళ్ళ కూతుళ్ళు మాదాపూర్ ఆఫీసుల నుంచి కార్లలో వచ్చి అదే బండ మీద కూర్చుంటున్నారు.

తల మీద మొదటి చెంబు నీళ్ళు పడగానే కిష్టమ్మ గొప్పల చిట్టా మొదలయ్యేది. దానికి ఆపూ అంతూ ఉండేది కాదు.

"నేను బాచుపల్లి సర్కారు బడిల ఐదు చదివిన. ఇన్‌స్పెక్టరు సారు వస్తే లేచి నిలబడి పద్దెనిమిదో ఎక్కం తప్పు లేకుండ ఒప్పజెప్పిన. సారు ఖుషీ అయి ఎర్ర పెన్సిల్ ఇచ్చిండు. ఈ ఊరికి కోడలుగ వచ్చినంక మా అత్త చేతి కింద ఈ పని నేర్చిన. సర్పంచి బిడ్డ నెత్తి పుండ్లు వడి ఎంటికలు కుచ్చులు కుచ్చులు రాలుతుంటే పట్నం డాక్టరు చేతులెత్తిండు. నేను ఎత్తలే. నలభై దినాలు వేపాకు నీళ్ళు వోసిన, మందారాకు నూరి పెట్టిన. లగ్గం నాడు దాని జడ మోకాళ్ళ కాడ ఆడింది. ఊరంత చూసింది!"

పట్నం డాక్టరు చేతులెత్తిన దగ్గర ఆమె గొంతు పెద్దదయ్యేది. ఆ ముక్క ఆమెకు అన్నిటికంటే ఇష్టం.

ఆమె పనితనం మాత్రం గొప్పదే. కుంకుడుకాయను చెవి దగ్గర పెట్టి ఆడించి, గింజ గలగలమంటేనే తీసుకుంటుంది. మెత్తగా ఉన్నది చెమ్మ పట్టినదని పక్కన పడేస్తుంది. రాయితో కొట్టి గింజ తీసి, పెంకులను గోరువెచ్చని నీళ్ళలో రాత్రే నానవేస్తుంది. పొద్దున చేత్తో పిసికితే తెల్లటి నురగ గిన్నె అంచు దాటి పొంగుతుంది. దాన్ని గుడ్డలో వడకట్టి, గుప్పెడు మందారాకులు నలిపిన జిగురు కలుపుతుంది. ఆ జిగురుతో చిక్కు దానంతట అదే విడిపోతుంది. బోరు నీళ్ళు తలకు తగలనివ్వదు. రోజు విడిచి రోజు వచ్చే మంజీర కుళాయి నీళ్ళు డ్రమ్ములో పట్టి ఉంచుతుంది. వారంలో ఒక్కసారే, ముందు రోజు నూనె పెట్టి, మరుసటి రోజు పోయాలి. గోళ్ళు తగలకూడదు. వేలి కొసలతోనే రుద్దాలి. జుట్టు తుడిచేటప్పుడు టవలుతో కొట్టకూడదు. నీడన ఆరబెట్టి, చివర నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టించాలి.

రసజ్ఞ ఆ ఇంట్లో అద్దెకు దిగి మూడేళ్ళు. తణుకు పిల్ల. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హాస్టల్ తిండి పడక కిష్టమ్మ మూడో అంతస్తు గదికి వచ్చింది. మొదటి ఆదివారం కిందకు దిగి, బండ దగ్గర నిలబడి చూసింది.

"షాంపూ అయిపోయిందండీ. నాక్కూడా పోస్తారా?"

"షాంపూ అయిపోతేనే గుర్తొచ్చిన్నా? కూసో. నూనె వెట్టినవా?"

"కొబ్బరినూనె రాసుకున్నానండి."

"కొబ్బరినూనె కూరల వోసుకోర్రి మీరు. నెత్తికి నువ్వుల నూనె."

"మా అమ్మ వింటే మిమ్మల్ని బతకనివ్వదు."

"మీ అమ్మను రమ్మను. ఆమెక్కూడ వోస్త."

అలా కుదిరింది వాళ్ళిద్దరికీ. కిష్టమ్మకు కొడుకు రవీందరొక్కడే. ఆడపిల్ల లేదు. ఒక కంపెనీకి క్యాబ్ నడిపే రవీందర్ ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. అందువల్ల ఆదివారం పొద్దుట వాకిలి ఆ ఇద్దరిదే. రసజ్ఞ మొదట్లో 'ఆంటీ' అంది. ఆ తర్వాత సందులో పిల్లలందరూ పిలిచినట్టు 'అవ్వా' అంది. నడుము దాటిన జుట్టు ఆ పిల్లది. చిట్టా అంతా ఆమెకు నోటికి వచ్చేసింది. కిష్టమ్మ మధ్యలో ఆగితే తనే అందించేది.

"ఇన్‌స్పెక్టర్ సారు పెన్సిల్ ఇచ్చాడు. రంగు చెప్పడం మర్చిపోయారు అవ్వా. ఎరుపు."

"నీ నోట్లె నీళ్ళు వోస్త చూడు!"

కిందటేడు బోనాల ఆదివారం. ఆ రోజు కిష్టమ్మ తొందరలో ఉంది, బోనం ఎత్తాలి. రసజ్ఞ తల రుద్దుతూ వేళ్ళు మెడ మీదికి దించినప్పుడు, ఎడమ చెవి వెనక కింద, జుట్టు మొదలయ్యే చోట, రేగుపండంత గడ్డ తగిలింది. నొక్కింది. గట్టిగా ఉంది. ఇంకొంచెం కిందికి జరిపితే మరొకటి.

"నొస్తుందా?"

"లేదు అవ్వా. నేనూ చూసుకున్నాను. ఆఫీసులో వచ్చే వారం హెల్త్ చెకప్ ఉంది. చూపించుకోనా?"

కిష్టమ్మ నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఆమెకు ఎన్నిసార్లు వినబడిందో లెక్కలేదు.

"పేలు కొరికితే గిట్లనే గడ్డలు కడతయ్ బిడ్డా. మొన్న హాస్టల్ల నీ దోస్తు కాడ పండుకొచ్చినవ్ గదా? ఆగు."

లోపలికి వెళ్ళి పేలదువ్వెన తెచ్చింది. తెల్లగుడ్డ పరిచి దువ్వింది. నిజంగానే రెండు పేలు రాలాయి. వాటిని గోటితో నలిపి, గెలిచినట్టు చూపించింది.

"చూసినవా? గీ దానికి డాక్టర్లెందుకు? వాళ్ళు సూది వొడుస్తరు, కోస్తరు. సర్పంచి బిడ్డకు ఏమైంది చెప్పు?"

"పట్నం డాక్టరు చేతులెత్తాడు," అంది రసజ్ఞ, నురగలోంచి నవ్వుతూ.

"నేను ఎత్తలే. పసుపు, సున్నం కలిపి పట్టు వేస్త. నీకేం ఫికర్?"

ఆ పిల్ల చెకప్‌లో గడ్డ సంగతి ఎత్తలేదు. అవ్వ చెప్పింది కదా అని ఊరుకుంది. సున్నప్పట్టుకు మెడ కాలి ఎర్రబడ్డా ఓర్చుకుంది. పేలు పోయాయి, గడ్డలు పోలేదు. దసరా నాటికి జుట్టు రాలడం ఎక్కువైంది. కిష్టమ్మ మెంతులు నానబెట్టి రుబ్బి పెట్టింది. గంజి పోసింది. ఆముదం కాచి కరివేపాకు వేసి రాసింది. 'ఏసీ గాలికి ఎంటికలు ఎండిన గడ్డి అయితయ్' అని ఆఫీసును తిట్టింది. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందంటే వేడి చేసిందంది. రాత్రుళ్ళు చెమటలు పడుతున్నాయంటే పై అంతస్తు రేకుల మీద వేసింది తప్పు. తన వేళ్ళ కింద ప్రతి ఆదివారం ఆ గడ్డలు పెరుగుతూనే ఉన్నాయి. రేగుపండు ఉసిరికాయంత అయింది. కిష్టమ్మ వేళ్ళకు అది తెలిసింది. తెలిసిన సంగతిని ఆమె నోరు ఒప్పుకోలేదు.

దీపావళి వెళ్ళిన వారానికి రసజ్ఞ మెట్ల మీద కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. రవీందరే కారులో దవాఖానకు తీసుకుపోయాడు. తణుకు నుంచి తల్లి పుణ్యవతి తెల్లారేసరికి దిగింది. ఆమె అక్కడ బడిలో టీచరు. భర్త లేడు, ఒక్కతే కూతురు. పరీక్షల మీద పరీక్షలు చేశారు. నాలుగో రోజు రవీందర్ ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, కలపకుండా ఆగిపోయాడు.

"క్యాన్సర్ అంట అమ్మా. మెడల గడ్డల నుంచి లోపలికి పాకిందంట."

కిష్టమ్మ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

"డాక్టరు అడిగిండు, గడ్డ ఎప్పటి సంది ఉన్నదని. ఆ పిల్ల పదిహేను దినాలే అన్నది. డాక్టరు నమ్మలే. నాలుగైదు నెలల ముందు వస్తే బాగుండు అన్నడు. వాళ్ళమ్మ ఏడుస్తుంది, పదిహేను రోజుల్లో ఇంత ఎట్లయితదని."

పదిహేను దినాలు కాదు. బోనాల నాడు. నాలుగు నెలలు. కిష్టమ్మకు ఆ తేదీ ఎవరూ చెప్పక్కర్లేదు.

మందులు ఎక్కించేముందు రసజ్ఞ రెండు రోజులు గదికి వచ్చింది. జడ కత్తిరించేస్తారు, అందుకని ఆఖరుసారి తలంటు పోయమంది. పుణ్యవతి మందుల షాపుకు వెళ్ళి ఉంది. కిష్టమ్మ నీళ్ళు కాచింది గాని, చెంబు ఎత్తలేకపోయింది.

"డాక్టరుకు అబద్ధం ఎందుకు చెప్పినవ్ బిడ్డా?"

"అబద్ధం డాక్టరుకు కాదు అవ్వా, మా అమ్మకి. పక్కనే ఉంది. డాక్టరుకు తర్వాత నిజం చెప్పాను."

"మీ అమ్మకు నేను చెప్త. ఇప్పుడే చెప్త, రానీ."

రసజ్ఞ తల తిప్పి ఆమె ముంజేయి పట్టుకుంది.

"వద్దు. మా అమ్మకి కోపం వస్తే మనుషుల్ని వదిలేస్తుంది. మా బాబాయితో పన్నెండేళ్ళుగా మాట్లాడదు. మిమ్మల్ని మళ్ళీ గడప తొక్కనివ్వదు. నాకు ఇద్దరూ కావాలి. తగ్గాక నేనే చెప్తాను, నవ్వుకుంటాం. నా మీద ఒట్టు."

ఒట్టు అన్నాక కిష్టమ్మ ఇంకేం చేస్తుంది. నీళ్ళు పోసింది.

"చిట్టా ఏది? అది లేకుండా ఎలా?"

ఐదు చదివిన దగ్గర మొదలుపెట్టింది. సర్పంచి బిడ్డ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది. ఆ పిల్లే అందించింది, తనే పూర్తి చేసింది. పట్నం డాక్టరు చేతులెత్తిన ముక్క మాత్రం వదిలేసింది.

మరుసటి రోజు జడ కత్తిరించారు. మిగిలిన జుట్టు మందులకు రాలిపోయింది. మూడు నెలలు దవాఖానకూ గదికీ మధ్య తిరిగారు. కిష్టమ్మ రోజూ జావ కాచి పైకి మోసింది. పుణ్యవతి మెట్ల మీద ఎదురొచ్చి గిన్నె అందుకునేది. "మోకాళ్ళ నొప్పులతో మీకెందుకండీ ఈ శ్రమ? సొంత మనుషులు కూడా ఇంత చేయరు," అనేది. ఆ మాట అన్న ప్రతిసారీ కిష్టమ్మ తల వంచుకుని దిగిపోయేది.

మాఘం ఆఖర్న ఒక మధ్యాహ్నం జుట్టు లేని తలతో రసజ్ఞ కిందికి దిగి బండ మీద కూర్చుంది. కుంకుడు వద్దన్నారు, ఉత్త నీళ్ళు పోయమంది. అప్పుడే మొలుస్తున్న నూగు, పసిపిల్ల మాడు మీద ఉన్నట్టు ఉంది. కిష్టమ్మ అరచెయ్యి దాని మీద ఆనించి, కదపకుండా ఉంచింది.

"సర్పంచి బిడ్డకు లాగా మోకాళ్ళ దాకా వస్తుంది కదా అవ్వా?"

"ఎందుకు రాదు? నా చేతిల వెరిగిన నెత్తి."

రాలేదు. ఉగాదికి వారం ముందు జ్వరం వచ్చి, ఊపిరితిత్తులకు పాకి, రెండు రోజుల్లో అయిపోయింది. తణుకు తీసుకుపోయారు. రవీందరే కారు నడిపాడు. కిష్టమ్మ వస్తానంది, మోకాళ్ళు సహకరించవు వద్దన్నాడు. ఆమె వాకిట్లోనే తల మీద చన్నీళ్ళు గుమ్మరించుకుంది. పొయ్యి ఆ తర్వాత నలభై రోజులు వెలగలేదు. తలంటు కోసం వచ్చిన పిల్లలను తిప్పి పంపింది.

వైశాఖంలో పుణ్యవతి గది ఖాళీ చేయడానికి వచ్చింది. ఒక్కతే. రోజంతా సామాను సర్దింది. మర్నాడు పొద్దున, మినీ వ్యాను రాకముందు, కిందికి దిగి వాకిట్లో నిలబడింది. జుట్టుకు నూనె తగిలి ఎన్నాళ్ళయిందో, జడ తాడులా బిగిసి అట్టకట్టింది.

"కిష్టమ్మగారూ, నాకు పోస్తారా? అది ఫోనులో ఎప్పుడూ అనేది, నువ్వొచ్చినప్పుడు అవ్వ చేత పోయిస్తానని. దాని దినాలు గడిచాక కూడా నా తల మీద సరిగా నీళ్ళు పోసుకోలేదు. దాని తల కడిగిన చేతులే కదా."

కిష్టమ్మ పొయ్యి వెలిగించింది. డబ్బాలో నానవేసిన కాయలు లేవు. కాగు నీళ్ళలోనే పెంకులు వేసి మరగనిచ్చింది. పీట జరిపి కూర్చోబెట్టి, చిక్కు విడదీయడానికే అరగంట పట్టింది. మొదటి చెంబు పోసింది. నురగ పట్టించింది. పుణ్యవతి కళ్ళు మూసుకుని ఉంది.

"మీరు ఏదో చెబుతారట కదా, తల రుద్దుతున్నంతసేపూ. చిట్టా అనేది. నాకూ చెప్పండి. దాని గొంతులో విన్నాను, మీ గొంతులో వింటాను."

కిష్టమ్మ వేళ్ళు ఆగి, మళ్ళీ కదిలాయి.

"బాచుపల్లి సర్కారు బడిల ఐదు చదివిన," అంది మెల్లగా. "పద్దెనిమిదో ఎక్కం ఒప్పజెప్తే సారు పెన్సిల్ ఇచ్చిండు."

"ఎర్రది," అంది పుణ్యవతి.

"ఎర్రది. అత్త కాడ పని నేర్చిన. సర్పంచి బిడ్డ నెత్తి మంచిగ చేసిన. వెయ్యి నెత్తులు చూసిన. నాకు తెల్వని నెత్తి లేదనుకున్న." ఊపిరి తీసుకుంది. "కిందటేడు బోనాల నాడు నీ బిడ్డ మెడ కాడ గడ్డ నా చేతికి తగిలింది అమ్మా. డాక్టరుకు చూపించుకోనా అని అడిగింది. నేనే వద్దన్న. పేలు అన్న. రెండు పేలు దొరికితే ఖుషీ అయిన. సున్నం వెట్టిన. నీకు చెప్పొద్దని తన మీద ఒట్టు వెట్టింది. ఆ ఒట్టు ఇయ్యాల తీసేసిన."

పుణ్యవతి భుజాలు కదల్లేదు. నురగ నుదుటి మీంచి కనుబొమల దాకా జారింది. తుడుచుకోలేదు.

"బోనాలంటే?"

"ఆషాఢం."

"ఆషాఢం," అంది పుణ్యవతి. "ఆషాఢంలో నేను ఒకసారి వచ్చి వెళ్ళాను. నా ఒళ్ళోనే పడుకుంది. నేను జడ కూడా వేశాను. నా చేతికి ఏమీ తగల్లేదు."

ఆమె లేచింది. తిట్టలేదు, ఏడవలేదు. నురగ కారుతున్న తలతోనే, కళ్ళు మండుతుంటే గోడ పట్టుకుని, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. తలుపు గడియ పడిన చప్పుడు వాకిట్లోకి వినబడింది.

కుంకుడు నురగ అలాగే ఎండితే తల పట్టేస్తుంది, కళ్ళలో పడితే నిప్పులు పోసినట్టుంటుంది. ఈ సంగతి కిష్టమ్మకంటే ఎవరికి తెలుసు? పై గది కుళాయిలో బోరు నీళ్ళే వస్తాయి, ఆ వేళకు అవీ ఉండవు. ఆమె బకెట్టులోకి వేడినీళ్ళు తోడి, డ్రమ్ములోని చన్నీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూసుకుని, మెట్లు ఎక్కింది. ఒక్కో మెట్టు మీద బకెట్టు దింపుతూ మూడంతస్తులు ఎక్కింది. తలుపు ముందు పెట్టింది.

"పుణ్యవతమ్మా, నీళ్ళు. నన్ను చూడకు. తల మాత్రం కడుక్కో."

తలుపు తెరుచుకోలేదు. మెట్టు మీద కూర్చుంది. అరగంటకు నీళ్ళు చల్లారాయి. బకెట్టు పట్టుకుని దిగింది, పారబోసి మళ్ళీ కాచింది. రవీందర్ లేచి వచ్చి, "నేను వట్టుకపోత, ఇయ్యమ్మా," అన్నాడు. ఇవ్వలేదు. రెండోసారి ఎక్కింది. అప్పుడూ తలుపు తెరుచుకోలేదు. మళ్ళీ చల్లారాయి. మళ్ళీ దిగింది. ఎండ వాకిట్లోకి వచ్చింది. మోకాళ్ళు రాళ్ళయ్యాయి. మూడోసారి నీళ్ళతో ఎక్కేసరికి నిలబడే ఓపిక కూడా లేక, తలుపు పక్క గోడకు ఆనుకుని, "బిడ్డా," అంది. ఎవరినన్నదో ఆమెకే తెలియదు.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. పుణ్యవతి మొహం కనబడలేదు. ఒక చెయ్యి వచ్చి బకెట్టు పట్టుకుంది.

"అక్కడ పెట్టి వెళ్ళండి."

"మందారాకు జిగురు—"

"వెళ్ళండి."

కిష్టమ్మ రెండు మెట్లు దిగి ఆగింది. లోపల చెంబు బకెట్టులో మునిగిన చప్పుడు, నేల మీద నీళ్ళు పడిన చప్పుడు. మళ్ళీ చెంబు. మళ్ళీ. ఎన్ని చెంబులకు కుంకుడు పోతుందో ఆమెకు తెలుసు. తొమ్మిదో చెంబుతో నీళ్ళ చప్పుడు ఆగింది. ఆ తర్వాత వెక్కిళ్ళు. అవి ఎంతసేపటికీ ఆగకపోతే, తను వినకూడనిదేదో వింటున్నట్టు గోడ పట్టుకుని దిగిపోయింది.

మధ్యాహ్నం వ్యాను వచ్చింది. సామాను ఎక్కింది. పుణ్యవతి తడి తలకు తువాలు చుట్టుకుని, తాళంచెవి రవీందర్ చేతిలో పెట్టి, వాకిలి వైపు చూడకుండా ఎక్కి కూర్చుంది. ఆ తర్వాత ఆమె నుంచి ఫోను లేదు, కబురు లేదు. కిష్టమ్మ ఎదురుచూడలేదని కాదు. అడిగే మొహం లేదు.

పొయ్యి ఇప్పుడు మళ్ళీ వెలుగుతోంది. ఆదివారాలు పిల్లలు వస్తారు. బండ మీద కూర్చోగానే, నీళ్ళు పోయకముందే, కిష్టమ్మ పొడి వేళ్ళు చెవుల వెనక, మెడ కింద, దవడ పక్కన నెమ్మదిగా వెతుకుతాయి. పప్పుగింజంత తగిలినా కాయలు పక్కన పెట్టేస్తుంది. "పో, దవాఖానకు పో. చీటి తెచ్చి చూపించు. అప్పుడే వోస్త," అంటుంది. కోపంగా అంటుంది. చిట్టా మాత్రం ఇప్పుడు ఎత్తదు.

మొన్న ఒక కొత్త పిల్ల, ఎవరో చెప్పగా విని, "చిట్టా చెబుతారంట కదా అవ్వా?" అని అడిగింది.

కిష్టమ్మ చెంబు ముంచింది.

"కండ్లు మూసుకో," అంది.